అతుకేసిన కొండ

మా బావ ఏం పని చేసేవాడో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. అక్కతో పెళ్ళికి ముందు మా నాన్న అడిగితే, "ఆకాశంలోంచి తీసిన భూమి బొమ్మలు బాగుచేస్తానండీ" అన్నాడట. మా నాన్న అదేదో ఫోటో స్టూడియో అనుకుని, కుదురైన వ్యాపారమేనని తలూపేశాడు. తర్వాత అసలు సంగతి తెలిసినా మాకు ఒరిగిందేమీ లేదు. మా బావ మాట్లాడే తీరు అలాంటిది. మాట మొదలుపెట్టి, సగంలో ఆపి, కళ్ళజోడు తుడుచుకుని "అంతే మరి" అనేవాడు. నాలాంటి నోరున్నదాని పక్కన అలాంటి మనిషి కూర్చుంటే ఒళ్ళు మండదూ?

నేను బడి బస్సు నడుపుతాను. రోడ్డు మీద గుంట కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు, అంతే నా లెక్క. ఆ ధీమాతోనే ఆయన్ని ఏళ్ళ తరబడి ఏడిపించుకు తిన్నాను.

ఒకసారి అక్క కేరేజీ ఇచ్చి రమ్మంటే వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. కిటికీలకి నల్ల తెరలు, ఒణికించే చల్లగాలి, వరసగా కంప్యూటర్ల ముందు మనుషులు. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు. మా బావ ముందున్న తెర మీద ఒక లోయ, ఆ లోయ మధ్యలో ఒక మబ్బు. ఆయన ఆ మబ్బు అంచు వెంబడి గీత గీసి, దాన్ని తీసేసి, ఆ కన్నంలో ఇంకెప్పటిదో బొమ్మలోంచి కత్తిరించిన ముక్క పెట్టాడు. రంగు కాస్త పెంచి, కాస్త తగ్గించి, వెనక్కి వాలి చూసుకున్నాడు. నేను తెరకి ముక్కు ఆనించి వెతికినా అతుకు ఎక్కడుందో పట్టుకోలేకపోయాను.

పక్క సీటాయన నవ్వాడు. "మేం ఈయన్ని దర్జీ అంటామండీ. ఈయనేసిన అతుకు ఒక్కోసారి ఈయనకే దొరకదు."

మా బావ మొహం వెలిగిపోయింది. ఆ మొహం అంతలా వెలగడం నేను ఆయన పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆ ఆఫీసుకో నియమం ఉండేది. బయటికి వెళ్ళే బొమ్మలో తెల్లమచ్చ ఉండకూడదు. రోడ్లు వేసేవాళ్ళు, ఇళ్ళు కట్టేవాళ్ళు, పంటలు చూసేవాళ్ళు అందరూ ఆ బొమ్మల్నే తీసుకెళ్తారు. తెల్లగా కన్నం కనిపిస్తే పని సగంలో వదిలేశారని తిప్పి పంపేస్తారట. ఆ రోజు సాయంత్రం మా బావ నా వెనకాలే నడుస్తూ ఇదంతా చెప్పాడు. నాకూ చిక్కుముడి విప్పాలనిపించి అడిగాను.

"సరే బావా, ఇవాళ మబ్బుంది, పాత బొమ్మ తెచ్చి అతికావు. ఆ పాత బొమ్మలోనూ మబ్బే ఉంటే?"

"ఇంకా పాతది తెస్తాం."

"దాంట్లోనూ మబ్బే అయితే?"

"పక్కది తెచ్చి పెడతాం. పక్క కొండ, పక్క పొలం. దగ్గర దగ్గరవి ఒకేలా ఉంటాయిగా."

"అంటే నా ఫోటోలో నా మొహం సరిగ్గా పడకపోతే పక్కింటావిడ మొహం అతికేస్తావన్నమాట!"

రోడ్డు మీద నిలబడి పడీ పడీ నవ్వాను. ఆయనా నవ్వాడు గానీ, నవ్వు అయ్యాక ఎందుకో ఆగి పైకి చూశాడు.

"ఉపగ్రహం ఏ ఊరి మీదికైనా ఒకే వేళకి వస్తుంది, తెలుసా? నువ్వు పిల్లల్ని బడిలో దింపి, మొదటి పీరియడ్ సగమయ్యే వేళకి. ఆ వేళకి రోజూ మబ్బో మంచో పట్టే చోట్లున్నాయి. వాటిని పైనుంచి ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మబ్బులోంచి చూసే యంత్రాలూ ఉన్నాయంటారు, వాటికి చెట్టూ పుట్టా ఇలా కనపడవు, మా ఆఫీసుకి ఆ బొమ్మలు రానే రావు. అసలు మబ్బు లేని భూమిని ఇప్పటిదాకా ఎవరూ ఒకేసారి చూడలేదు. ఎప్పుడు చూసినా సగానికి పైగా మబ్బు కిందే ఉంటుంది. గోడలకి తగిలించుకునే ఆ శుభ్రమైన బొమ్మలన్నీ అతుకులే."

"పైనుంచి చూడకపోతే ఏం? కింద మనుషులుంటారుగా. వాళ్ళకి తెలుసుగా."

"ఉంటారు. వాళ్ళనెవరడుగుతారు? బొమ్మ ఉందిగా" అన్నాడు.

అప్పుడు నేను దాన్నీ వేళాకోళం చేశాను. ఆయన మాటలు నా చెవికెక్కడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. బడిలో ఏ పేరున్నా మా అందరికీ గువ్వ. అక్కకి ఒంట్లో బాగుండని రోజుల్లో దాన్ని నేనే ఎత్తుకుని పెంచాను. నోరు నాది వచ్చింది, మొండితనం వాళ్ళ నాన్నది వచ్చింది. పైపుల ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాణ్ణి చేసుకుంది. మంచివాడు, పెద్దల్ని మీరు మీరంటాడు, కాకపోతే ఫ్యాక్టరీ అన్నం పెడుతోందని ఫ్యాక్టరీ మాటంటే వేదం వాడికి. పిల్లాడు పుట్టాక అత్తగారింట్లో ఒకే గదిలో ఇరుక్కుని గువ్వ నలిగిపోయింది. అదే సమయానికి ఫ్యాక్టరీవాళ్ళు ఊరి చివర కొండవార కొత్త క్వార్టర్స్ కట్టి పంచారు. గువ్వకి కొండ కింది వరసలో ఇల్లొచ్చింది.

ఆ ఇంటి గురించి ఫ్యాక్టరీ ఇచ్చిన మెరుపు కాగితాల పుస్తకం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది పిచ్చిది. "పిన్నీ, రెండు గదులే! వంటింటికి కిటికీ ఉందే! నాన్నా, చూడు చూడు, మనిల్లు ఆకాశంలోంచి ఎలా కనిపిస్తోందో. నీ ఆఫీసు బొమ్మే!"

మా బావ ఆ పేజీ అందుకున్నాడు. లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు, కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు. అక్క "ఏంటండీ, బాగాలేదా?" అంటే పేజీని వెలుతురుకి పట్టి చూశాడు. నేను వెనక నుంచి తొంగిచూశాను. బొమ్మలో క్వార్టర్స్ చోటుకి గీతలు గీసి ఉన్నాయి, దానికి పైన దట్టంగా పచ్చటి కొండ, పక్కన అలాంటిదే ఇంకో కొండ.

"ఇది చూడు" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. పక్క కొండ మీద ఒక బోడి బండ, దాని కిందుగా వంకర తిరిగిన కాలిబాట, బాట చివర గుత్తుగా చెట్లు. తర్వాత వేలు జరిపి గువ్వ వాళ్ళ కొండ మీద పెట్టాడు. అదే బండ, అదే బాట, అదే చెట్ల గుత్తి. కాకపోతే కుడిది ఎడమకి తిరిగి ఉంది, అద్దంలో చూసినట్టు.

"ఇదీ అదీ ఒకటే కొండ" అన్నాడు. "ఆ లోయలో పొద్దున్నే మంచు పడితే మధ్యాహ్నం భోజనాల దాకా వదలదు. ఒక్క బొమ్మలో కూడా ఆ కొండ దొరకలేదు. పక్కదాన్ని తిప్పి అతికాను. నేనే."

నా నోరూరుకుంటుందా? "అయితే ఏంటి? అక్కడ నిజం కొండ లేదా? ఉందిగా. పద, రేపు మంచు వదిలాక వెళ్ళి చూసొద్దాం. ఈ మాత్రం దానికి మొహం అలా పెట్టుకోకు."

మర్నాడు పిల్లల్ని దింపేసి, మధ్యాహ్నం నా బస్సు గేటు దగ్గర ఆపి ఇద్దరం కొండెక్కాం. కింది నుంచి చూస్తే కొండ దిట్టంగా, పచ్చగానే ఉంది. నాకు ధైర్యం వచ్చింది. "చూశావా, నీ బొమ్మ కంటే బాగుంది" అన్నాను. అక్కడి కాపలా మనిషి మాత్రం మమ్మల్ని వింతగా చూశాడు. "పైకెందుకండీ? పైన బురద తప్ప ఏముంది?"

చెట్లు ముందు వరసలోనే. ఆ వరస దాటగానే కొండ బోడిగా, పొట్టి గడ్డితో, నిటారుగా పైదాకా ఉంది. గడ్డిలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. వాన పడి చాలా రోజులైంది, మరి ఆ నీళ్ళెక్కడివో. మా బావ ముందుకి ఒక అడుగు వేసి మోకాలి దాకా దిగిపోయాడు. నేను చెయ్యి పట్టి లాగితే మనిషొచ్చాడు గానీ చెప్పు రాలేదు. ఇంకో రోజయితే కడుపు చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

"ఇక్కడ నేను అడవి పెట్టాను" అన్నాడు, ఒంటి చెప్పుతో నిలబడి.

"పడిపోతుందా బావా?"

"నాకేం తెలుసు? నేను కొండలు చదువుకున్నవాణ్ణి కాదు. ఇలాగే మన మనవల కాలం దాకా ఉండొచ్చు. ఉండకపోవచ్చు. తెలిసినవాళ్ళు చూసి చెప్పాలి. తెలిసినవాళ్ళేమో నా అతుకు చూసి చెప్పారు."

కింద వరసగా కొత్త ఇళ్ళు, కొత్త సున్నం. ఒక ఇంటి వెనక గువ్వ అప్పుడే కొలతలు చూసుకుంటోంది, బట్టల తాడు ఎక్కడ కట్టాలో. పైనున్న మేము దానికి కనిపించలేదు.

ఆ ఆదివారం అల్లుణ్ణి ఇంటికి పిలిచి చెప్పాడు. మామగారు అల్లుడికి చెప్పడమంటే మా బావకి పులి ముందు పాట పాడటమే. నీళ్ళు నమిలాడు, చెమటలు పట్టాయి, అయినా మొత్తం చెప్పాడు. అల్లుడు మర్యాదగా విన్నాడు.

"మామయ్య గారూ, ఇంజనీర్లు చూడకుండా కడతారాండీ?"

"కింద తవ్వి చూశారు బాబూ. పైన బొమ్మ చూశారు."

"బొమ్మలో అడవి ఉంది కదండీ."

"అది నేను పెట్టిన అడవే బాబూ."

అల్లుడు గువ్వ వైపు చూశాడు. గువ్వకి నవ్వాగలేదు. "నువ్వు పెట్టిన చెట్లకి నువ్వే భయపడుతున్నావా నాన్నా? సరే, ఒక్క మాట చెప్పు. కొండ పడుతుందా?"

"చెప్పలేనమ్మా."

"మరి?"

"తెలీదు కాబట్టే వద్దంటున్నాను."

"తెలీకపోతే ఏదైనా తెలిసిందాకా ఆ ఒక్క గదిలో ముగ్గురం ఊపిరాడక చావాలా? పిల్లాడికి దగ్గు తగ్గట్లేదు తెలుసా నీకు?" దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క నా వైపు చూసింది, నేను అందుకుంటానని. నేను ఆ కొండ మీద నిలబడ్డదాన్ని. ఆ బురద నా కాళ్ళకీ అంటింది. అయినా ఆ వంటింటి కిటికీ గురించి అది చెప్పినప్పుడు దాని మొహం గుర్తొచ్చి, నా నోరు పెగల్లేదు. వచ్చే వారమే సామాను మార్చేశారు. నా బస్సులోనే మార్చాను.

మా బావ ఆఫీసులో పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చెడ్డదేం కాదట. కసురుకోలేదు, కూర్చోబెట్టి టీ తెప్పించింది. తర్వాత తెర మీద మొత్తం ప్రాంతం బొమ్మ తెరిచి, పక్కదాన్ని తెచ్చి అతికిన చోట్లన్నీ ఎర్రగా కనిపించేలా చేసింది. బొమ్మ ఒళ్ళంతా తట్టు పోసినట్టయిందట.

"చూశారా? వీటి కింద ఊళ్ళున్నాయి, బళ్ళున్నాయి, ఆనకట్టలున్నాయి. ఒకటి విప్పితే అన్నీ విప్పాలి. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదండీ" అందట.

ఆ మాట నాకు చెప్పి మా బావ తాగని గ్లాసు కింద పెట్టేశాడు. ఒక కొండ సంగతి చెప్పడానికెళ్ళినవాడు ఆ ప్రాంతం మీది ఎర్ర మచ్చలన్నీ నెత్తినేసుకుని వచ్చాడు. ఆ తర్వాత ఆయన సరిగ్గా నిద్రపోయినట్టు నేను వినలేదు. అక్క చెప్పేది, అన్నం ముందు కూర్చుని కంచంలోకి అలా చూస్తూ ఉండిపోతారే అని.

ఏడాదికోసారి కొత్త బొమ్మ బయటికి వస్తుంది. ఆ ఏడు కూడా ఆ లోయ మంచు కిందే దొరికింది. కొత్త బొమ్మ మా బావ చేతి మీదుగా వెళ్ళింది. ఆయన మిగతావన్నీ ఎప్పట్లాగే అతికాడు, గువ్వ వాళ్ళ కొండ ఒక్కటి తెల్లగా వదిలేశాడు.

పైపుల ఫ్యాక్టరీవాళ్ళకి తమ ఊరు పైనుంచి ఎలా ఉందో చూపించుకునే మోజు. కొత్త బొమ్మ రాగానే గోడంత చేయించి వాకిట్లో తగిలించారు. పొద్దున షిఫ్టుకి వచ్చినవాళ్ళందరూ దాని ముందు మూగారు. క్వార్టర్స్ ఉన్నాయి, క్వార్టర్స్‌కి పైన కొండ ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. మొదట నవ్వులు. "కొండకి సున్నం కొట్టారేంట్రా?" "కాదురా, మీ ఆవిడ బట్టలారేసింది." తర్వాత ఎవరో, "అసలక్కడ ఏముంది?" అన్నారు. ఆ సాయంత్రం క్వార్టర్స్ ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి కొండ వైపు చూడటం నేను బస్సులోంచి చూశాను. ఇన్నాళ్ళూ రోజూ చూస్తున్న కొండే అది. ఒకావిడ చంకలో పిల్లని గట్టిగా పట్టుకుంది. ఒకరిద్దరు సామాను కూడా సర్దుకున్నారు.

మేనేజర్‌కి విషయం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. అల్లుణ్ణి పిలిచి, అందరి ముందూ, "మీ మామగారి పనట కదా ఇది? మా ఇళ్ళు నచ్చకపోతే మీరు ఖాళీ చెయ్యండి, పదిమందిని బెదరగొట్టడం దేనికి?" అన్నాడు. అల్లుడు ఆ రోజు తిన్నగా మా అక్క ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"నా పరువు తీశారు మామయ్య గారూ. ఇంక నేను ఆ గేటులోంచి తలెత్తుకుని ఎలా వెళ్ళనండీ?"

వెనకాలే గువ్వ. పిల్లాడు దాని భుజం మీద నిద్రపోతున్నాడు. దాన్నంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు, పుట్టినప్పటి నుంచి ఎరిగినదాన్ని. "కొండ పడుతుందని చెప్పలేవు. పడదనీ చెప్పలేవు. కానీ ఆయన ఉద్యోగం మాత్రం ఊడగొట్టగలవు. ఇంక మా గడప తొక్కకు నాన్నా. మేమూ రాము."

"గువ్వా" అన్నాడు మా బావ. అంతకంటే ఏమీ అనలేకపోయాడు. ఎంత చేతకాని మనిషి! ఆ రోజు ఒక్క పెద్ద మాట, తండ్రి అనాల్సిన మాట, గట్టిగా అని ఉంటే? నేను ఇప్పటికీ ఆయన మీద దానికే నిప్పులు చెరుగుతుంటాను.

ఆఫీసులో ఆయన సీటు వేరేవాళ్ళకి ఇచ్చి, ఆయన్ని పాత బొమ్మలు దుమ్ము పట్టే గదిలో కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ తెల్లమచ్చ మీద పక్క కొండని మళ్ళీ తిప్పి అతికారు. ఫ్యాక్టరీ వాకిట్లో బొమ్మ మారింది. కొండ మళ్ళీ పచ్చగా అయింది, ఆడవాళ్ళు కొండ వైపు చూడటం మానేశారు, సర్దుకున్న సామాను మళ్ళీ విప్పుకున్నారు. నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ పచ్చదనం చూస్తే నాకూ హాయిగా అనిపించింది.

ఒక రోజు పొద్దున్నే మా బావ బస్సు షెడ్డు దగ్గరికి వచ్చాడు. "మరదలా, నీ బస్సులో చోటుందా?"

"ఆఫీసుకి ఇటు కాదుగా దారి."

"ఆఫీసుకి ఎప్పుడెళ్ళినా అడిగేవాళ్ళు లేరులే."

నా మొదటి స్టాపు క్వార్టర్స్ గేటే. బస్సు ఖాళీగా వెళ్ళి, అక్కణ్ణుంచి పిల్లల్ని ఎక్కించుకుంటూ వస్తుంది. ఆయన నా వెనక సీట్లో కూర్చునేవాడు. నేను గేటు దగ్గర ఆపి హారన్ కొడితే మంచులోంచి పిల్లలు ఒక్కొక్కరూ బయటపడేవాళ్ళు, సంచులు ఊపుకుంటూ. ఆయన్ని మబ్బు తాత అని పిలిచేవాళ్ళు. వాళ్ళకి మబ్బులు చెరిపే మనిషంటే మహా గొప్ప. "తాతా, ఈ మబ్బు చెరిపెయ్యవా, బడి కనపడటంలేదు" అని ఒక పిల్ల రోజూ అడిగేది.

మంచు పలచగా ఉన్న రోజుల్లో గువ్వ వంటింటి కిటికీ కనిపించేది. వాళ్ళ నాన్న బస్సులో ఉన్నాడని దానికి తెలుసు. అది చెయ్యి ఊపేది కాదు, మహా రోషం. పిల్లాడి చెయ్యి పట్టుకుని ఊపించేది. మా బావ ఆ కాస్త దానికి రోజంతా మనిషయ్యేవాడు. గేటు మాత్రం దాటేవాడు కాదు. కూతురు వద్దందిగా.

వానలు మొదలయ్యాయి. పట్టిన వాన వదల్లేదు. ఆయన బస్సు దిగి గేటు బయట కాలవలో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూసేవాడు. మొదట్లో తేటగా ఉండేవి. తర్వాత టీ రంగులోకి వచ్చాయి. నేను "ఏం తెలిసింది?" అంటే, "ఏమీ తెలీదు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడలేక నేను అద్దం తుడుచుకుంటూ కూర్చునేదాన్ని. "వెళ్ళి తలుపు కొట్టు బావా, తిడితే తిడుతుంది" అని ఎన్నిసార్లు అన్నానో. "రేపు" అనేవాడు. "రేపు తప్పకుండా."

ఆ రోజు వాన ఆగింది. మంచు మాత్రం నేనెప్పుడూ చూడనంతగా పట్టింది. లైట్లు వేసుకుని, కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాను. గేటు దగ్గరికి చేరేసరికి రోడ్డు మీద బురద. గేటు ఒక పక్కకి ఒరిగి ఉంది. హారన్ కొట్టాను. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాను. లోపల ఎక్కడో దూరంగా మనుషుల అరుపులు వినిపించాయి, ఏడుపులు వినిపించాయి, ఏదీ కనిపించలేదు.

మా బావ దిగాడు. నేను దిగేలోపే గేటు దాటేశాడు. కూతురు వద్దన్నాక ఆ గేటు దాటడం అదే మొదలు. అంత నెమ్మది మనిషి, పిల్లాడిలా పరిగెత్తాడు. తెల్లటి మంచులో ముందు ఆయన కాళ్ళు పోయాయి, తర్వాత చొక్కా పోయింది. "గువ్వా! గువ్వా!" అని ఒక్కటే కేక. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

నా ఫోను మోగింది. అక్క.

"ఒసేయ్, గువ్వ వచ్చేసిందే!" సంతోషం పట్టలేక గస పెడుతోంది. "తెల్లారీ తెల్లారకముందే పిల్లాణ్ణెత్తుకుని ఆటో ఎక్కిందట, ఈ మంచులో ఆటో నెమ్మదిగా నడిచి ఇప్పుడే చేరింది. గోడలోంచి నీళ్ళొస్తున్నాయట, భయమేసి నాన్న చెప్పిందే నిజమేమో అనుకుందట. అల్లుడు రాత్రి షిఫ్టులోనే ఉన్నాడట. నాన్న ఏడీ, నాన్న ఏడీ అని ఒకటే గొడవ. ఆయన నీ బస్సులోనేగా?"

నేను ఏమరిచానో నాకే తెలీదు. "బావా, వెనక్కి రా! గువ్వ ఇంట్లో ఉంది! ఇంటికొచ్చేసింది బావా!" మంచులోంచి ఇంకోసారి "గువ్వా" అని వినిపించింది, ఇందాకటికంటే దూరంగా. నేను గేటు దాటి నాలుగడుగులు పరిగెత్తాను. అప్పుడు పైనుంచి చప్పుడు మొదలైంది. పెద్దదేం కాదు, గోనెసంచులు ఒకదాని మీద ఒకటి దింపుతున్నట్టు మెత్తగా. నేల నా కాళ్ళ కింద వణికింది. మంచు ఒక్కసారిగా నా మొహం మీదికి వచ్చి పడింది, తడిమట్టి వాసనతో. చప్పుడు ఆగాక అరుపులు కూడా ఆగిపోయాయి.

"బావా" అన్నాను. "బావా."

చేతిలో ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. అక్క దగ్గర్నుంచి గువ్వ లాక్కున్నట్టుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"పిన్నీ, నాన్నకి ఇవ్వవే. ఒక్క నిమిషం ఇవ్వు. నేను మాట్లాడాలి."